హంతకుడి మొఖం ఎట్లుంటది?



పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి. సినిమా ముచ్చటతో మొదలవుతుంది, కానీ సినిమా దగ్గరే ఆగదు.

మేము ఒక హాస్టల్ రూములో ఉండే ఐదుగురం. ఇద్దరు కోయ, ఒకరు గోండు, ఒకరు లంబాడా, ఒకరు ఎరుకల. ఐదు ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. బయట మన తెగల మధ్య ఎన్ని పంచాయితీలున్నా మా రూములో లాప్‌టాప్ మాత్రం ఒక్కటే. అందుకని శనివారం రాత్రి మెస్సులో తిని వచ్చాక దాన్ని ట్రంకుపెట్టె మీద పెట్టి, ఐదు తలకాయలు ఒకదగ్గర చేర్చి సినిమా చూస్తాం. ఆ తర్వాత ఒంటిగంట దాకా కొట్లాట. మా కొట్లాటలు రెండే రకాలు. ఒకటి, కామిక్ బుక్కుల నుంచి తీసిన సినిమాలు అసలు కథకు న్యాయం చేశాయా లేదా అని. రెండు, సీరియల్ కిల్లర్ సినిమాల్లో ఏది గొప్పది అని.

మొదటి పెద్ద కొట్లాట జోకర్ మీద. బ్యాట్‌మాన్ కామిక్‌లో జోకర్ మొదటిసారి కనపడింది 1940లో. (మన కొమురం భీమ్ జోడేఘాట్‌లో అమరుడైంది కూడా అదే ఏడాది. ఈ సంగతి చెప్పి మా గోండు దోస్తు ప్రతిసారీ కాసేపు అందరి నోళ్ళు మూయిస్తాడు.) 2008లో వచ్చిన 'ది డార్క్ నైట్'లో హీత్ లెడ్జర్ వేసిన జోకర్‌కి గతం లేదు. మూతి మీద ఆ గాట్లు ఎట్లా పడ్డాయో ఒకసారి ఒక కథ చెప్తాడు, ఇంకోసారి ఇంకో కథ చెప్తాడు. 2019లో వచ్చిన 'జోకర్'లో మాత్రం వాకీన్ ఫీనిక్స్ పాత్రకి గతం అంతా ఉంది. తల్లి, జబ్బు, చిన్నప్పటి దెబ్బలు, పోయిన ఉద్యోగం, సర్కారు డబ్బులు ఆపేస్తే ఆగిపోయిన మందులు. మాలో ముగ్గురం ఈ రెండో జోకర్ పార్టీ. "పేదోడి కోపం రా అది" అని మా వాదన. రైల్లో సూటు వేసుకున్న ముగ్గురిని కాల్చినప్పుడు మేము చప్పట్లు కొట్టాం. దాచడం ఎందుకు, కొట్టాం.

మా ఎరుకల దోస్తు కొట్టలేదు. ఒక్క మాట అన్నాడు. "అరే, గదే పని మనోడు ఎవడన్నా చేస్తే పేపరోడు వాని చిన్నతనం రాస్తడా, కులం రాస్తడా?"

మేము నవ్వేసి లైటు ఆర్పేశాం.

వాడి గురించి కొంచెం చెప్పాలి. వాడు బొమ్మలు వేస్తాడు. నోట్సు పక్కన ఖాళీ ఉంటే చాలు, నల్ల పెన్నుతో గీస్తూనే ఉంటాడు. మా అందరిలో కామిక్స్ నిజంగా చదివినోడు వాడొక్కడే. మిగతా నలుగురం సినిమా చూసి కామిక్ గురించి వాదించే బాపతు. అలాన్ మూర్ రాసి ఎడ్డీ క్యాంప్‌బెల్ బొమ్మలు వేసిన 'ఫ్రమ్ హెల్' 500 పేజీలు దాటిన పుస్తకం. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని వాడు దాన్ని మొత్తం చదివాడు. 1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ అనే పేదల బస్తీలో ఐదుగురు ఆడవాళ్ళను వరసగా చంపిన 'జాక్ ది రిప్పర్' కథ అది. దాన్నే 2001లో జానీ డెప్‌ని పెట్టి సినిమా తీశారు. కామిక్ నుంచి వచ్చిన సినిమా, సీరియల్ కిల్లర్ సినిమా రెండూ ఒకటే కాబట్టి మా రూముకి అది పండగ లాంటిది.

సినిమా మాకు నచ్చింది. వాడికి నచ్చలేదు. వాడి వాదన ఇది. పుస్తకంలో హంతకుడు ఎవరో మొదట్లోనే తెలిసిపోతుంది. రాణిగారి వైద్యుడు. (అది రచయిత కథ కోసం వాడుకున్న ఊహే. అసలు హంతకుడు ఎవరో ఈరోజుకీ తేలలేదు.) అంత ముందే చెప్పేశాడంటే, ఎవరు చంపారన్నది ఆ పుస్తకానికి ముఖ్యం కాదన్నమాట. చంపడం ఎట్లా సాధ్యమైంది, ఆ ఊరు ఎట్లాంటిది, పెద్దోళ్ళు ఎట్లా కాపాడుకున్నారు, రాత్రి పడుకోవడానికి మంచం కిరాయి లేని ఆడవాళ్ళు ఎట్లా బతికారు, ఇవీ దాంట్లోని ప్రశ్నలు. సినిమా వాళ్ళు అదంతా పక్కన పెట్టి "హంతకుడు ఎవరో కనిపెట్టు" ఆట చేశారు. పుస్తకంలో లావుపాటి, మామూలు నడివయసు పోలీసాయన సినిమాలో నల్లమందు మత్తులో కలలు కనే అందగాడు అయ్యాడు. "కథ అట్లనే ఉంది, ప్రశ్న మారిపోయింది. ప్రశ్న మారినంక ఏం న్యాయం చేసినట్టు?" అన్నాడు.

ఇంకో సంగతి కూడా వాడే చెప్పాడు. చనిపోయిన ఐదుగురి పేర్లు మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. హంతకుడికి పెట్టిన ముద్దుపేరు ప్రపంచమంతా తెలుసు. వీళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? 2019లో హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి ఈ ఐదుగురి బతుకుల మీదే పుస్తకం రాసింది. అందరినీ వేశ్యలని రాసేశారు గానీ వాళ్ళలో ముగ్గురి విషయంలో దానికి రుజువే లేదని ఆమె వాదన. పేదరాలు, రాత్రిపూట వీధిలో ఉంది అంటే చాలు, ముద్ర పడిపోయింది.

తర్వాతి వారం 'మెమరీస్ ఆఫ్ మర్డర్' చూశాం. 2003లో బాంగ్ జూన్ హో తీసిన కొరియా సినిమా. హ్వాసాంగ్ అనే పల్లెటూరి ప్రాంతంలో 1986 నుంచి 1991 మధ్య నిజంగా జరిగిన హత్యల మీద తీశారు. అందులో ఒక పోలీసు ఉంటాడు. మొఖం చూసి, కళ్ళలోకి చూసి నేరస్థుణ్ణి పట్టేస్తానని వాడి గొప్ప. అట్లా చూసి పట్టుకున్నది ఎవరిని? బుద్ధి ఎదగని ఒక పేద పిల్లగాణ్ణి. కొట్టి ఒప్పించబోతారు. ఆఖరికి ఆ పిల్లగాడు రైలు కింద పడి పోతాడు. ఏండ్ల తర్వాత అదే పోలీసు మొదటి శవం దొరికిన కాలువ దగ్గరికి వస్తే, ఇంతకు ముందు ఇంకొకతను కూడా వచ్చి ఇట్లాగే చూశాడని ఒక చిన్నపిల్ల చెప్తుంది. "మొఖం ఎట్లుంది?" అని అడుగుతాడు. మామూలుగా ఉంది అంటుంది.

సినిమా వచ్చిన పదహారేండ్లకు, 2019లో, డీఎన్ఏతో అసలు హంతకుడు దొరికాడు. అప్పటికే ఇంకో హత్య కేసులో జైల్లో ఉన్నాడు. అంతకంటే ఘోరం, ఆ హత్యల్లో ఒకదానికి, 1988లో జరిగినదానికి, ఏ పాపం తెలియని ఒకతను దాదాపు 20 ఏండ్లు జైల్లో ఉండి వచ్చాడు. పోలియో వచ్చి కాలు సరిగ్గా లేని, పెద్దగా చదువుకోని పేద కూలి. 2020 డిసెంబర్‌లో కోర్టు అతను నిర్దోషి అంది.

ఆ రాత్రి మేము రెండు గంటల దాకా పోలీసులను తిట్టాం. పేదోడైతే ఎట్లా పట్టుకుపోతారో, మొఖం చూసి ఎట్లా తీర్పు చెప్తారో పెద్ద పెద్ద మాటలు మాట్లాడాం.

ఇప్పుడు అసలు సంగతి.

అది జరిగిన పది రోజులకు మా పక్క రూములో ఒక ఫోను పోయింది. కొత్త ఫోను, వాయిదాల మీద కొన్నది. హాస్టల్ అంతా లేచింది. వరండాలో ఎవరో అన్నారు, "ముందు వాని పెట్టె చూడండి" అని. ఎవని పెట్టెనో పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరూ మా రూములోకే వచ్చారు.

వాడు ఏం మాట్లాడలేదు. తాళం తీసి పెట్టె మూత వాడే ఎత్తాడు. రెండు చొక్కాలు, సర్టిఫికెట్ల కవరు, బొమ్మల నోటుబుక్కులు నాలుగు, వాళ్ళమ్మ అల్లిన చిన్న బుట్ట, అందులో సూదీ దారం. అంతే. ఫోను మర్నాడు పొద్దున దాని ఓనర్ బట్టల బకెట్‌లోనే దొరికింది. "సారీ బ్రో" అని పోయాడు.

మేము నలుగురం ఆ రాత్రి ఏం చేశామో చెప్పడానికే ఈ పోస్టు. మేము అడ్డం నిలబడలేదు. "మా పెట్టెలు కూడా చూడండి" అనలేదు. అంతకంటే సిగ్గుపడే మాట, వాడు మూత ఎత్తినప్పుడు మేము కూడా లోపలికి తొంగిచూశాం. ఏడాదిగా వాడి కంచంలోది తిన్నోళ్ళం. ఆ కొరియా పోలీసుకీ మాకూ తేడా ఏముంది? వచ్చినోళ్ళు బయటోళ్ళు కూడా కాదు. అందరం ఎస్టీ పిల్లలమే.

ఈ చూపు మాకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే దానికి ఒక సంవత్సరం దొరికింది. 1871. ఆ ఏడాది బ్రిటిష్ సర్కారు నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఒక తెగలో పుడితే చాలు నేరస్థుడే అని. పేర్లు రాయించుకోవాలి, పోలీసులకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చింది. ఎరుకల వాళ్ళ మీద ఆ ముద్ర వేసి 1913లో స్టూవర్టుపురం కాలనీ పెట్టారు. ఇక్కడొక చిత్రం చూడండి. 1888లో వైట్‌చాపెల్ హత్యలప్పుడు లండన్‌లోనూ అదే సర్కారు. అక్కడ కూడా అనుమానం ముందు వలస వచ్చిన యూదుల మీదికే పోయింది. చెప్పులు చేసే ఒక యూదుణ్ణి పట్టుకెళ్ళి, హత్యలప్పుడు వేరే చోట ఉన్నాడని తేలాక వదిలేశారు. అక్కడ గుంపు అనుమానించింది. ఇక్కడ ఏకంగా చట్టమే రాసిపెట్టారు.

1952లో ఆ చట్టం రద్దయింది. కానీ అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి అదే చూపును కొనసాగించాయి. జైళ్ళ మాన్యువళ్ళలో ఈ తెగలను ఇంకా పుట్టు నేరస్థులుగా చూడటం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో తెలుసా? 2024 అక్టోబర్ 3న. మేము డిగ్రీలో ఉండగా.

ఇప్పుడు మళ్ళీ సినిమా దగ్గరికి వద్దాం. తెలుగులో 'ఖాకీ' పేరుతో 2017లో వచ్చిన కార్తి సినిమా గుర్తుందా? ఉత్తరాది దోపిడీ హత్యల ముఠాను తమిళనాడు పోలీసులు పట్టుకున్న నిజం కేసు మీద తీశారు. బాగా తీశారు, మేమూ రెండుసార్లు చూశాం. అందులో ముఠా కథ చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక మనిషి చిన్నతనం చెప్పరు, తెగ చరిత్ర చెప్తారు. 'జోకర్'లో హంతకుడు ఒక్కడు, వాడికి తల్లి ఉంది, జబ్బు ఉంది, డైరీ ఉంది. ఇక్కడ హంతకుడు ఒక గుంపు. వాళ్ళ హంతకుడికి బాల్యం ఉంటుంది, మన దొంగకి కులం ఉంటుంది. మా వాడు ఆ రోజు అడిగింది ఇదే. మేము నవ్వింది కూడా దీనికే.

"సినిమాను సినిమాలాగ చూడాలి, అన్నిట్లో కులం వెతుకుతారేంది?" అని కొందరు అంటారు. మేమూ అన్నోళ్ళమే. మా జవాబు ఇది. సినిమాలు ఆపమనడం లేదు. మన తెగలోని మనిషిని విలన్‌గా చూపించొద్దని కూడా అనడం లేదు. మనలోనూ మంచోళ్ళు, చెడ్డోళ్ళు ఉంటారు. చెడ్డోణ్ణి చూపిస్తే ఒక మనిషిగా చూపించు, వాడి పేరుతో, వాడి తప్పుతో. తెగ మొత్తాన్ని పక్కన నిలబెట్టకు. కామిక్‌లో చొక్కా రంగు మారిస్తే ఫ్యాన్స్ వారం రోజులు కొట్లాడతారు. బొమ్మ మనిషికి అన్యాయం జరిగిందని అంత బాధపడేటోళ్ళం, నిజం మనుషులకు జరిగిన దాని గురించి ఒక్క పూట కొట్లాడలేమా?

కాబట్టి మా రూములో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సినిమా అయ్యాక ముందు "బాగుందా లేదా" అనుకోం. మూడు ప్రశ్నలు అడుగుతాం. చచ్చిపోయిన వాళ్ళ పేర్లు మనకు గుర్తున్నాయా? అనుమానంతో ముందు ఎవర్ని పట్టుకున్నారు, ఎందుకు వాళ్ళనే? హంతకుడి తప్పు వాడి ఒక్కడిదేనా, లేక వాడి జాతి మీద, జబ్బు మీద, ఒంటి మీద వేశారా? ఈ మూడు ప్రశ్నలతో పాత సినిమాలు మళ్ళీ చూస్తుంటే కొత్తగా కనపడుతున్నాయి. మీ హాస్టళ్ళలో కూడా అడిగి చూడండి.

నాలుగో నియమం సినిమాది కాదు. ఎవరి సామాను పోయినా సరే, వెతకాల్సి వస్తే ముందు మా నలుగురి పెట్టెలు. వాడిది ఆఖరుకి.

వాడిని అడిగే ఇది రాశాం. పేరు వద్దన్నాడు. రాసింది చూపిస్తే రెండు అక్షర దోషాలు దిద్దాడు, 'ఫ్రమ్ హెల్' దర్శకులు ఇద్దరు అన్నదమ్ములని, ఆ మాట రాయలేదేమని అడిగాడు. రాశాం చూడరా. క్షమించావా అని మాత్రం మేము ఇంకా అడగలేదు. శనివారం సినిమాకి వాడు ఇప్పటికీ రావడం లేదు, మంచం మీద అటు తిరిగి బొమ్మలు గీసుకుంటాడు. పోయిన వారం మాత్రం సగం సినిమాలో అటు తిరిగే అన్నాడు, "సౌండ్ కొంచెం పెంచుండ్రి" అని.

పెంచినం.

జోహార్.