వెళ్లిపోయే తేదీ

కాలేజీలో చేరే తేదీ ఊరంతటికీ తెలుసు. మా శ్రీకాకుళం జిల్లాలో పలాస గోడల మీదా, టెక్కలిలో ఫ్లెక్సీల మీదా, ఆటోల వెనకా అదే కనిపిస్తుంది. చేరిన పిల్లవాడు మానెయ్యాల్సి వస్తే ఏ తేదీలోగా చెప్పాలి, కట్టిన ఫీజులో ఎంత తిరిగొస్తుంది, సర్టిఫికెట్లు ఎన్నాళ్లకు చేతికొస్తాయి? ఇవి ఏ గోడ మీదా ఉండవు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి కాలేజీలకు పంపిన నాకే 2018 దాకా తెలియదు.

ఆ ఏడాది అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు తలలు తెగిపోయాయి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. జీడి మొక్క మళ్లీ నాటితే కాపుకు నాలుగైదేళ్లు, కొబ్బరికి ఇంకా ఎక్కువ. నా దగ్గర చదివిన వజ్రపుకొత్తూరు వైపు అబ్బాయి ఒకడు ఆ ఏడే దూరాన ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్‌లో చేరాడు. మొదటి ఏడాది ఫీజు జీడిగింజలు అమ్మిన డబ్బే. తుఫాను కబురు విని ఇంటికొచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. నవంబర్‌లో వాళ్లమ్మ మా గుమ్మంలో నిలబడింది. "మాస్టారూ, సదువెలాగూ పోనాది. గుంటడి కాయితాలైనా ఇప్పించండి బాబూ."

కాలేజీవాళ్లు ఆమెకు చెప్పినవి రెండు. ఫీజు వెనక్కి ఇచ్చే గడువు అయిపోయింది. సర్టిఫికెట్లు కావాలంటే మిగిలిన మూడేళ్ల ఫీజూ కట్టాలి.

విచిత్రం ఏమిటంటే, తిత్లీ వచ్చిన ఆ అక్టోబర్‌లోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఈ విషయం మీద నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టేపెట్టుకోకూడదు, చూసి వెంటనే తిరిగిచ్చెయ్యాలి. కోర్సు మొత్తానికీ ఫీజు ముందే వసూలు చెయ్యకూడదు. ఫీజు వాపసుకు మెట్ల లెక్క పెట్టింది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి పదిహేను రోజులో, అంతకన్నా ఎక్కువో ముందే మానేస్తే దాదాపు మొత్తం, ఆ పదిహేను రోజుల్లోపల అయితే 90 శాతం. ఆఖరి తేదీ దాటాక పదిహేను రోజుల్లోగా 80, నెల లోపల 50. నెల దాటితే సున్నా.

ఆ సున్నా దగ్గరే నాకు బాధ. అడ్మిషన్లు మామూలుగా వానాకాలం నడుస్తుండగానే ముగుస్తాయి. మాకు తుఫాన్లు వచ్చేది ఆ తర్వాత. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న, 2021లో గులాబ్ సెప్టెంబర్ 26న. ఇంట్లో కూడూ నీడా పోయే రోజు వచ్చేసరికి ఆ మెట్ల లెక్క ప్రకారం గడువు దాటిపోయి ఉంటుంది.

గడువు కదపడం యూజీసీకి చేతకాని పని కాదు. కోవిడ్‌లో తల్లిదండ్రుల కష్టం చూసి 2021-22లో అక్టోబర్ 31 వరకు సీటు వదులుకున్నవారికి మొత్తం ఫీజు ఇవ్వమంది. డిసెంబర్ 31 వరకు వెయ్యి రూపాయలకు మించి కోత వద్దంది. దేశమంతా పడిన కష్టానికి కదిలిన తేదీ ఉద్దానం ఏడు మండలాల కష్టానికి ఎందుకు కదలకూడదు? ఏ మండలం తుఫానుకు దెబ్బతిన్నదో ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఆ ప్రకటన వచ్చిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టమని ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ తమ కాలేజీలకు చెప్పాలి.

తుఫాను ఒక్క రోజు వచ్చి పోతుంది. మా ఉద్దానాన్ని పట్టుకున్న కిడ్నీ జబ్బు పోదు. కవిటి, సోంపేట, మందస, పలాస చుట్టుపక్కల డయాలసిస్ మొదలైన ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు ఒక మనిషి తోడు కావాలి. ఆ మనిషి చాలా ఇళ్లలో చదువుకుంటున్న కొడుకో కూతురో. పలాసలో 2023 డిసెంబర్ 14న రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచాక దూరం తగ్గింది, సంతోషమే. కాని కాలేజీలో అటెండెన్స్ 75 శాతం కావాలి, వైద్య కారణాలుంటే 65 దాకా మన్నిస్తారు, అంతకు తగ్గితే డిటెయిన్. తండ్రిని డయాలసిస్‌కు తిప్పిన రోజులను లెక్కలోకి తీసుకున్న కాలేజీని నేను చూడలేదు. ఆస్పత్రి ఇచ్చే కార్డు మీద తేదీలుంటాయి. అంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి?

అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలు చెబుతారు. అక్కడ సెమిస్టర్‌కు ఒక గడువుంటుంది, దానిలోగా ఒక సబ్జెక్టు వదిలేస్తే మార్కుల పత్రంలో 'డబ్ల్యూ' అని పడుతుంది. ఫెయిల్ అని పడదు, సగటు మార్కులు తగ్గవు.  మా వైపు కాలేజీల్లో పాస్, ఫెయిల్, ఆబ్సెంట్, డిటెయిన్డ్ ఉన్నాయి. 'ఈ పిల్లవాడు కష్టం వచ్చి చెప్పి వదిలాడు' అని రాసుకోవడానికి ఒక గడి లేదు.

కాలేజీ వదిలి వెళ్లే విషయంలో లెక్చరర్ల మాటా చెప్పాలి. నాకు తెలిసిన ప్రైవేటు కాలేజీ లెక్చరర్లలో ఒరిజినల్స్ యాజమాన్యం బీరువాలో ఉంచి పనిచేసినవాళ్లున్నారు. సెమిస్టర్ మధ్యలో మాస్టారు వెళ్లిపోతే పిల్లలు నష్టపోతారు, నిజమే. దానికి నోటీసు గడువు ముందే రాసుకుని ఇద్దరూ కట్టుబడాలి గాని, మనిషి కాగితాలు తాకట్టు పెట్టుకోవడం ఏం న్యాయం? తన సర్టిఫికెట్ తన చేతిలో లేని మాస్టారు పిల్లవాడి సర్టిఫికెట్ కోసం ఏ నోటితో అడుగుతాడు?

2018 డిసెంబర్‌లో యూజీసీ నోటిఫికేషన్ ప్రింటు తీసుకుని ఆ వజ్రపుకొత్తూరు అబ్బాయి తల్లితో కలిసి కాలేజీకి వెళ్లాను. రెండుసార్లు తిప్పి, మూడోసారి మెమోలు ఇచ్చారు. ఫీజులో ఒక్క రూపాయి రాలేదు. పదో తరగతి మెమో చేతికొచ్చింది కాబట్టి గల్ఫ్‌కు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ఈసీఆర్ ముద్ర లేకుండా అబ్బాయికి పాస్‌పోర్టు వచ్చింది. వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్ వెళ్లాడు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఇంటికొచ్చి కూర్చుని, "ఇప్పుడు చేరితే ఆ ఏడాది చదివినది లెక్కకొస్తుందా మాస్టారూ?" అని అడిగాడు. రాదని చెప్పాను. టీ తాగి లేచాడు.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, మందస