వీపు వెనక 75 లీటర్లు

మొన్న శనివారం ఒక తమ్ముడు తన గరాజుకి పిలిచాడు. ఇద్దరం టెక్సాస్‌లో ఒకే ఊళ్ళో ఉంటాం, వారమంతా కంప్యూటర్లతో కుస్తీ, శనాదివారాలు రెంచీలతో. అతనిది 1970 నాటి షెవర్లే సీ10 పికప్పు. పాత ఇంజిన్ పీకేసి 5.3 లీటర్ల ఎల్ఎస్ వీ8 దింపాడు. వాల్వ్ కవర్లు ముఖం చూసుకునేలా మెరుస్తున్నాయి, వైర్లన్నీ జడ అల్లినట్టున్నాయి. బాగుందిరా అంటూ సీటు వీపు ముందుకి వంచి చూశాను. అదే పాత ట్యాంకు! అతుకుల వెంట తుప్పు, మీద ఎప్పటిదో దుమ్ము, ముక్కుపుటాలదిరే పెట్రోలు వాసన.

"ట్యాంకు సంగతి తర్వాత చూద్దాంలే అన్నా. ముందు ఇంజిన్ స్టార్టవనీ."

ఈ 'తర్వాత చూద్దాం' గాళ్ళతోనే నా గొడవంతా.

1967 నుంచి 72 దాకా వచ్చిన ఈ ట్రక్కుల్లో పెట్రోలు ట్యాంకు ఉండేది క్యాబ్ లోపల, కూర్చున్నవాడి వీపు వెనక. సుమారు 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు. మనకీ దానికీ మధ్య అడ్డు ఒక్క సీటు. వంటగ్యాస్ సిలిండరునే గోడ అవతల పెట్టించి పైపు లాక్కునే మనుషులం, పెట్రోలుకి వీపానించి హైవే మీద పోతామా? కొరివితో తల గోక్కోవడం అంటే ఇది కాదూ?

తియ్యమంటే ఏమంటారో తెలుసా? "ఒరిజినాలిటీ పోతుంది." ఇంజిన్ పీకేసి, గేర్‌బాక్సు మార్చి, కంప్యూటరు తగిలించినవాడికి ట్యాంకు దగ్గరికొచ్చేసరికి ఒరిజినాలిటీ గుర్తొస్తుంది! క్యాబ్ పక్కనున్న పెట్రోలు మూత అందంగా ఉంటుందట. ఉండనీ. మూతని అలాగే ఉంచి వెనకున్న ట్యాంకు తీసెయ్యి, ఎవరు కాదన్నారు?

భద్రత మాట చెబితే ఆవలించేవాళ్ళకి పనితనం మాటే చెబుతాను. పాత ట్యాంకు కార్బురేటర్ కోసం చేసింది. ఇంజిన్ మీదున్న పంపు 5 నుంచి 7 పీఎస్‌ఐ ఒత్తిడితో పెట్రోలు లాక్కునేది. మధ్యలో గుక్కెడు గాలి వచ్చినా కార్బురేటర్ గిన్నెలో నిలవున్న పెట్రోలు కాస్సేపు ఆదుకునేది. ఇంజెక్షన్‌తో నడిచే ఎల్ఎస్‌కి కావలసింది 58 పీఎస్‌ఐ. దానికి గిన్నే లేదు, నిలవా లేదు. గాలి మింగిందా, దగ్గి ఆగిపోతుంది. నిండు కుండ తొణకదంటారు. పావు వంతు పెట్రోలున్న ట్యాంకు, అందులోనూ అడ్డురేకులు లేని ట్యాంకు, ఎలా తొణుకుతుందో నాకు తెలుసు. నా మొదటి ట్రక్కుతో, హైవే నుంచి దిగే గుండ్రటి ర్యాంపు మీద, వెనక పద్దెనిమిది చక్రాల లారీ ఉండగా తెలిసింది. మలుపులో పెట్రోలంతా ఓ మూలకి పోయింది, ఇంజిన్ చచ్చింది, దాంతోపాటే పవర్ స్టీరింగూ బిగుసుకుంది. ఆ రెండు క్షణాల్లో నేను మొక్కని దేవుడు లేడు.

ఆ ట్రక్కుకి పాత ట్యాంకే ఉంచి, ఛాసిస్‌కి బయట పంపు బిగించిచ్చిన షాపువాడు "చాలా మందికి ఇలాగే చేశాం" అన్నాడు. ఈ పంపు తోయడంలో మొనగాడు, పీల్చడంలో నీరసం. ట్యాంకులో మునిగుంటే పెట్రోలే దానికి చలువ. బయట వేలాడదీస్తే టెక్సాస్ ఎండలో రోడ్డు సెగ తింటూ తేనెతుట్టె కదిపినట్టు రొద పెట్టింది, రెండో వేసవికి కాలిపోయింది. విప్పి చూస్తే వడపోత నిండా ట్యాంకు తుప్పు. ఇంకో పంపు, రెండుసార్లు టోయింగు. కొత్త ట్యాంకు కొనకుండా మిగుల్చుకున్న డబ్బు అలా వడ్డీతో సహా పోయింది.

మరి ఎక్కడ పెట్టాలి? ఛాసిస్ రెండు ఉక్కు దూలాల మధ్య, వెనక ఇరుసుకి అవతల, స్పేర్ చక్రం వేలాడేచోట. ఇది నా సొంత కవిత్వం కాదు. అదే కుటుంబంలోని బ్లేజర్‌కి కంపెనీ ట్యాంకు పెట్టింది అక్కడే. ఆ ఆకారంలోనే అడ్డురేకులతో, లోపలే పంపుతో కొత్త ట్యాంకులు దొరుకుతున్నాయి. స్పేర్ చక్రానికి చోటు పోతుంది, నిజమే. పోనీ.

"1973 తర్వాతి మోడల్లో పక్కన పెట్టారుగా, అలా చేస్తే?" అనే తెలివైనవాళ్ళూ ఉన్నారు. కంపెనీ ట్యాంకుని క్యాబ్ నుంచి తీసి, దూలాలకి బయట, పక్కనుంచి గుద్దితే మొదట నలిగేచోట పెట్టింది. 1992లో ఎన్‌బీసీ టీవీ దాని మీద కార్యక్రమం చేసింది, మంట రాదేమోనని ట్రక్కు కింద చిన్న రాకెట్లు కట్టి దొరికిపోయి, మరుసటేడు క్షమాపణ చెప్పింది. నిజం చెప్పడానికి అబద్ధపు నిప్పెందుకయ్యా? వాళ్ళ మోసం బయటపడినంత మాత్రాన ట్యాంకు మంచిదైపోలేదు. ప్రభుత్వ రవాణా శాఖ 1994 అక్టోబరులో అందులో లోపముందని ప్రాథమికంగా తేల్చింది. డిసెంబరులో కంపెనీ భద్రతా కార్యక్రమాలకి 5 కోట్ల డాలర్ల పైచిలుకు ఇస్తానంది, ట్రక్కులు వెనక్కి పిలవకుండానే ఫైలు మూసేశారు. ఆ చోటు నువ్వు ఏరికోరి ఎంచుకుంటావా?

చిల్లర పనుల్లోనూ ఇదే నిర్లక్ష్యం. పాత గేజి 0 నుంచి 90 ఓమ్‌ల లెక్కది, ట్యాంకులో మట్టం కొలిచే సెండర్ దానికి తగ్గది అడిగి తీసుకోరు, ముల్లు అబద్ధమాడుతోందని ఏడుస్తారు. 30ఆర్9 అని అచ్చేసిన గొట్టం బయట వాడడానికే, పెట్రోల్లో మునిగేచోట 30ఆర్10 ఉండాలి. గాలిగొట్టానికి, బండి తిరగబడితే మూసుకునే వాల్వు పెట్టమంటే నవ్వుతారు. ఇక పాత ట్యాంకు చిల్లికి వెల్డింగ్ పెడతాననేవాణ్ణి చూస్తే, ఖాళీ ట్యాంకులో నిండేది పెట్రోలు ఆవిరేనని చెప్పి, చేతిలో టార్చి లాక్కోవాలనిపిస్తుంది.

ఇవన్నీ తమ్ముడితో అరిచినట్టే చెప్పాను. అతను మాట్లాడలేదు. ముందుకి వంచిన సీటు మీద, మధ్యలో, కొత్తగా బిగించిన చిన్న బెల్టు కనిపించింది. కూతురికట, ఆరేళ్ళు.

టేపు అందుకుని ట్రక్కు కిందకి దూరాను. స్పేర్ చక్రం బోల్టు తుప్పుకి కరుచుకుపోయింది. నూనె కొట్టి నానబెట్టాం. వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళాలి.