ఆకాశపుటంచున ఒక్క అడుగు

1960 ఆగస్టు 16. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో నేలను విడిచిన ఒక బెలూన్ గంటన్నర సేపు పైకి సాగి, 31 కిలోమీటర్ల ఎత్తున నిలిచింది. దాని కింద వేలాడుతున్న పైకప్పులేని తొట్టిలో అమెరికన్ వైమానిక దళానికి చెందిన కెప్టెన్ జోసెఫ్ కిటింజర్ ఉన్నాడు. వయస్సు 32 సంవత్సరాలు. పట్టపగలే ఆకాశం నల్లగా కనిపిస్తున్నది. భూమిని ఆవరించి ఉన్న గాలిలో నూటికి దాదాపు 99 పాళ్లు ఆయన పాదాల కిందనే ఉండిపోయింది.

అప్పటికే ఆయన కుడిచేయి పనికిరాకుండా పోయింది. పైకి వస్తూ ఉండగానే ఆ చేతి తొడుగులో పీడనం నిలవడం లేదని ఆయన గ్రహించాడు. సుమారు 19 కిలోమీటర్లు దాటిన తరువాత మన ఒంటి వేడికే నీరు మరిగేటంతగా గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. అక్కడ మనిషిని బతికించేది పీడన దుస్తులే. కిటింజర్ చేయి వాచి రెండింతలయింది. సంగతి చెబితే కింద ఉన్నవారు వెంటనే దిగిరమ్మంటారని ఆయనకు తెలుసు. అందుచేత మాట బయటపెట్టక పైకే సాగాడు.

ఇంత పంతం దేనికి? కేవలం సాహసానికా? కాదు. దాని వెనుక ఒక ప్రశ్న ఉన్నది.

ఆ కాలంలో జెట్ విమానాలు నానాటికీ ఎత్తులు పెంచుకుంటూ పోతున్నాయి. అంత ఎత్తున విమానం చెడిపోతే చోదకుడు దూకవలసిందే. దూకిన వెంటనే పారాచూట్ తెరిస్తే, ప్రాణవాయువు లేని చోట, ఎముకలు కొరికే చలిలో చాలాసేపు వేలాడవలసి వస్తుంది. తెరవకుండా కిందికి పడదామా అంటే, పలుచని గాలిలో శరీరానికి పట్టు దొరకక అది బొంగరమవుతుంది. మనిషి బొమ్మలను పడవేసి చూస్తే, నిమిషానికి 200 చుట్ల వరకు తిరిగాయి. ఆ వేగాన మనిషి బతకడం అసాధ్యం.

ఫ్రాన్సిస్ బోప్రే రూపొందించిన అంచెల పారాచూట్ దీనికి సమాధానం. గాలిపటానికి తోక ఎందుకు కడతామో మన పిల్లలకు తెలుసు. ఇక్కడ కూడా అదే సూత్రం. మొదట దాదాపు రెండు మీటర్ల చిన్న పారాచూట్ విచ్చుకుని, పడే మనిషిని తిరగకుండా నిలుపుతుంది. పెద్దది దట్టమైన గాలిలోకి వచ్చిన తరువాతనే తెరుచుకుంటుంది.

కాగితం మీద సరిపోయినది గాలిలో తొలిసారి సరిపోలేదు. 1959 నవంబరు 16న 23 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకినప్పుడు చిన్న పారాచూట్ ముందుగానే వెలువడింది. దాని తాళ్లు కిటింజర్ మెడకు చుట్టుకున్నాయి. నిమిషానికి 120 చుట్లు తిరుగుతూ ఆయన స్పృహ కోల్పోయాడు. దానంతట అది తెరుచుకునే అత్యవసర పారాచూటే ఆయనను కాపాడింది. నెల తిరగక ముందే, డిసెంబరు 11న, ఆయన మళ్లీ దూకాడు. ఈసారి తోక తన పని తాను చేసింది.

అందుకే ఆ ఆగస్టు ఉదయం ఆయన వెనుదిరగలేదు. తొట్టి నుంచి ఒక్క అడుగు ముందుకు వేశాడు. గాలి హోరు లేదు. పడుతున్నాననే స్పృహ కూడా లేదు. వెల్లకిల తిరిగి చూస్తే, బెలూనే తనను విడిచి పైకి దూసుకుపోతున్నట్లు కనిపించింది. గంటకు 988 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు. 4 నిమిషాల 36 సెకన్లకు పెద్ద పారాచూట్ తెరుచుకున్నది. దూకిన 13 నిమిషాల 45 సెకన్లకు నేలను తాకాడు. కొన్ని గంటలలో చేయి మామూలు స్థితికి వచ్చింది.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. 1962 నవంబరు 1న సోవియట్ వీరులు ఇద్దరు ఒకే బెలూన్ నుంచి దూకారు. యెవ్గెనీ ఆంద్రేయెవ్ క్షేమంగా దిగాడు. ప్యోతర్ దోల్గోవ్ శిరస్త్రాణం చిట్లి, పీడనం పోయి, నేలకు చేరకముందే మరణించాడు. అమెరికన్ నిక్ పియాంటనీడా 1966 ఫిబ్రవరిలో 37 కిలోమీటర్లు దాటి వెళ్లి కూడా ప్రాణవాయువు గొట్టం ఊడక దూకలేకపోయాడు, తొట్టితోనే దిగివచ్చాడు. అదే సంవత్సరం మే నెలలో మళ్లీ ప్రయత్నించగా, పైకి వెళ్లే దారిలోనే దుస్తులలో పీడనం పోయింది. స్పృహ తిరిగి రాకుండానే ఆగస్టులో కన్నుమూశాడు. తొడుగు, శిరస్త్రాణం, గొట్టం: ఆ ఎత్తున చిన్న వస్తువు అంటూ ఏదీ లేదు.

కిటింజర్ నెలకొల్పిన ఎత్తు 52 సంవత్సరాలు చెక్కుచెదరలేదు. 2012 అక్టోబరు 14న ఆస్ట్రియా దేశీయుడు ఫీలిక్స్ బామ్‌గార్ట్‌నర్ దాదాపు 39 కిలోమీటర్ల నుంచి దూకి, గంటకు 1,357 కిలోమీటర్ల వేగంతో ధ్వనిని మించిపోయాడు. నడుమ ఆయన కూడా బొంగరంలా తిరిగాడు. అతికష్టం మీద నిలదొక్కుకున్నాడు. ఆనాడు కింద నుంచి ఒక్కొక్క పనీ గుర్తుచేస్తూ ఆయనకు ధైర్యం చెప్పిన గొంతు 84 ఏండ్ల కిటింజర్‌దే. తన రికార్డును చెరిపివేయబోయే మనిషికి తానే దారి చూపాడు.

రెండేళ్లకే, 2014 అక్టోబరు 24న, 57 ఏండ్ల కంప్యూటర్ నిపుణుడు అలన్ యూస్టేస్ తొట్టి కూడా లేకుండా బెలూన్‌కే వేలాడుతూ వెళ్లి, 41 కిలోమీటర్లకు పైనుంచి దిగివచ్చాడు. ఆయన వెనుక ఒక చిన్న పారాచూట్ ఉన్నది. అందువల్ల అంతటి వేగంలోనూ ఆయన నిలకడగా దిగాడు.

నిజానికి వీరెవరూ అంతరిక్షాన్ని చేరలేదు. దాని పొలిమేరగా సాధారణంగా లెక్కించే ఎత్తు 100 కిలోమీటర్లు. వారు చేరినది అందులో సగం కూడా కాదు. ఎత్తును మరొకరు మించగలరు, మించారు కూడా. కాని 1959లో ఒక మనిషి మెడకు చుట్టుకున్న ఆ తాళ్లనే సవరించి మరుసటి నెలలో ప్రాణరక్షగా మార్చుకున్న ఓర్పు ఏ రికార్డుల పట్టికలోనూ కనిపించదు. తరువాత యూస్టేస్ నిలకడగా నేలకు దిగినది కూడా అలాంటి చిన్న పారాచూట్ ఆసరాతోనే.