ఎత్తిన చేయి కవచం కాదు

ఏటా అక్టోబరు 21న విధినిర్వహణలో అసువులు బాసిన పోలీసులకు ఢిల్లీలో నివాళులర్పిస్తారు. వారిలో వాహనాలను ఆపబోయి మరణించినవారూ ఉన్నారు. 2022 జూలైలో హర్యానాలోని నూహ్ జిల్లాలో అక్రమ తవ్వకాలను అరికట్టబోయిన డి.ఎస్.పి.ని లారీ తొక్కివేసింది. 2024 సెప్టెంబరులో రాజధానిలోనే, నాంగ్లోయిలో, ఒక కానిస్టేబులును కారు ఈడ్చుకుపోగా ఆయన మరణించాడు.

ఈ ప్రమాదం ఎటువంటిదో భిలాయి వంటి ఉక్కునగరానికి వేరే చెప్పనక్కరలేదు. కర్మాగారంలో క్రేను మోసే బరువు కింద ఎవరినీ నిలబడనీయరు. గేటు దాటి 53వ జాతీయ రహదారి చేరితే, ఉక్కు నింపుకొని వచ్చే లారీ ఎదుట పోలీసు ఒట్టి చేయెత్తి నిలబడవలసి వస్తుంది. అంత బరువుతో వచ్చే బండి బ్రేకు వేసినా తక్షణమే నిలవదు.

2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 136-ఏ సెక్షను రహదారులపై ఎలక్ట్రానిక్ నిఘాను రాష్ట్రాల బాధ్యత చేసింది. కెమెరా నంబరును పట్టుకున్నచోట పోలీసు అడ్డుపోనక్కరలేదు. అయితే మద్యం మత్తును కెమెరా పసికట్టలేదు, తనిఖీలు తప్పవు. అవి వెలుతురున్నచోట, దూరంనుంచే కనిపించే బారికేడ్ల వెనుక జరగాలి. పారిపోయే బండిని వెంబడించక, ముందున్న నాకాకు కబురందించాలి.

జరిమానా రేపైనా వసూలు చేయవచ్చును. పోయిన ప్రాణాన్ని ఏ ప్రభుత్వమూ తిరిగి తేలేదు. నివాళులతోపాటు బారికేడ్లకూ నిధులు కేటాయించడం పాలకుల కనీస ధర్మం.