పాటలో సగం తలుపులోనే!

కొత్తగా చిన్న కారు కొన్నారా? అయితే అభినందనలు! ఇక 'గీతాంజలి' (1989) పాటలు పెట్టి వినండి. బాలు గొంతు బాగానే వినిపిస్తుంది... మరి ఇళయరాజా బేస్ గిటారేదీ?

మొన్న మందస నుంచి హరిపురం మీదుగా పలాసకి ఓ మిత్రుడి కారులో వెళ్తూ నేను వెతికిందీ దాన్నే. దొరకలేదు! పైగా తలుపు రేకు గలగలమంటూ తాళం వేసింది. "సెట్టు మార్చేస్తాను గురూ!" అన్నాడు. వద్దంటే వద్దన్నాను.

దోషం సెట్టుది కాదండీ. చవక కార్లలో కంపెనీ స్పీకర్లు చాలావరకు కాగితం కోన్, చిన్న అయస్కాంతం ఉన్నవే. బిగించేదేమో పల్చటి రేకు తలుపుకి. కోన్ వెనక పుట్టిన శబ్దం తలుపు కన్నాల్లోంచి వచ్చి ముందు శబ్దాన్ని మింగేస్తుంది. బేస్ మాయం!

సెట్టు మీద 'స్పీకర్‌కి 50 వాట్లు' అని ఉంటే మురిసిపోకండి. 12 వోల్టుల బ్యాటరీ మీద, 4 ఓముల స్పీకర్‌కి అది నిలకడగా ఇచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. కొత్తది కొన్నా దాదాపు అంతే!

అందుకే డబ్బులు ముందు తలుపు మీద పెట్టండి. లోపల డాంపింగ్ షీటు అతికించి, పెద్ద కన్నాలు మూయించండి. నీళ్ళు పోయే కింది రంధ్రాలు మాత్రం మూయకూడదు సుమా! తర్వాత ముందు స్పీకర్లు. సెట్టు ఆఖరున. వైర్లు కోయనివ్వకండి, వారంటీకి చిక్కు. కప్లర్ పెట్టమనండి.

బేస్ వాయించినాయన కూడా ఆ పాటకి చెమటోడ్చాడు కదా! ఆయన్ని తలుపులో బంధించడం న్యాయమా, చెప్పండి?