బురదలో ఉప్పు పెత్తనం

కోల్‌కతాలో భవానీపూర్‌ పడమటి అంచున, కాళీఘాట్ మెట్ల కింద పారే నల్లటి కాలువను చూపించి గంగ అంటే కొత్తవాళ్లు నమ్మరు. స్థానికులకు మాత్రం అది ఆదిగంగే. ఒకప్పుడు గంగ సముద్రానికి వెళ్లిన దారి అది. పూడిపోయిన ఆ పాయను 1770లలో విలియం టోలీ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించాడు. టాలీగంజ్‌కు ఆ పేరు ఆయన వల్లే. ఇప్పుడు అందులో పారేది ఎక్కువగా మురుగే. అయినా హుగ్లీకి పోటు వచ్చినప్పుడల్లా కాలువ ఉబ్బుతుంది. సముద్రం ఇంత దూరం తన ఊపును పంపుతోంది కానీ, ఉప్పును పెద్దగా పంపడం లేదు.

బురదలోని సూక్ష్మజీవులకు ఈ తేడా చిన్నది కాదు. 2007లో కేథరిన్ లొజుపోన్, రాబ్ నైట్ అనే శాస్త్రవేత్తలు 111 అధ్యయనాల నుంచి 21 వేలకు పైగా బ్యాక్టీరియా జన్యుక్రమాలను పోల్చి చూశారు. ఏ జాతులు ఎక్కడ ఉండాలో నిర్ణయించడంలో వేడి కన్నా, ఆమ్లత కన్నా ఉప్పుదే పైచేయి అని తేలింది. కారణం ఆవకాయ పెట్టే ఇళ్లలో అందరికీ తెలిసిందే: ఉప్పు నీటిని లాగేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి కణం గ్లైసిన్ బీటైన్ వంటి పదార్థాలను లోపల పోగేసుకోవాలి. అది ఖర్చుతో కూడిన పని. భరించలేనివి తప్పుకుంటాయి.

అసలు కథ సల్ఫేట్‌ది. లీటరు సముద్రపు నీటిలో అది దాదాపు 2.7 గ్రాములుంటుంది. చాలా నదుల్లో నూరో వంతు ఉంటే ఎక్కువ. ఆక్సిజన్ లేని బురదలో సల్ఫేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియా హైడ్రోజన్‌ను, ఎసిటేట్‌ను ముందే ఊడ్చేస్తాయి. మీథేన్ తయారుచేసే ఆర్కియాకు మిగిలేది అరకొరే. అందుకే మంచినీటి బురద మీథేన్ బుడగలు వదిలితే, ఉప్పు బురద కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మడ అడవుల్లో మాత్రం ఆర్కియా పూర్తిగా ఓడిపోవు. ఆకుల కుళ్లు నుంచి వచ్చే మిథైల్‌అమీన్‌లను పోటీదారులు పెద్దగా ముట్టవు, అవి వీటికి దక్కుతాయి.

మీథేన్ తగ్గితే మంచిదే కదా అనిపించవచ్చు. కానీ ఆ స్థానంలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వరి వేళ్లకు విషం. చెరువు అడుగున నల్లమట్టి పేరుకుంటే రొయ్యలకు ఏమవుతుందో భీమవరం రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సుందరవనాల్లో 2009 మేలో ఐలా, 2020 మేలో ఆంఫన్ తుపాన్లు గట్లు తెంచినప్పుడు ఉప్పునీరు పొలాల్లోకి, మంచినీటి చెరువుల్లోకి చొరబడింది. ఒక్క రాత్రిలో నీరు మారితే, కింద బురదలోని కాపురాలూ మారక తప్పదు.

ఉప్పును వెనక్కి నెట్టేది ఎగువ నుంచి వచ్చే మంచినీరే. 1975లో మొదలైన ఫరక్కా బరాజ్ గంగ నీటిని హుగ్లీకి మళ్లించాక కోల్‌కతా వైపు ఉప్పు తగ్గింది. అదే సమయంలో బంగ్లాదేశ్‌లోని ఖుల్నా వైపు నదుల్లో పెరిగింది. సుందరవనాల నడుమ ఉన్న మాత్లాకు ఎగువ నుంచి మంచినీరు తెగిపోయి చాలా కాలమైంది, అందుకే పడమటి పాయల కన్నా అది ఉప్పన. ఫరక్కా దగ్గర నీటిని పంచుకోవడానికి భారత్, బంగ్లాదేశ్‌లు 1996 డిసెంబరు 12న 30 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి. దాని లెక్కలు జనవరి 1 నుంచి మే 31 దాకా, అంటే ఉప్పు నదుల్లోకి ఎగబాకే నెలలకే.