కాగితపు కోట

బాలలూ! పరదేశంలో ఒంటరిగా ఉన్నవారికి సాయంకాలం ఓ పట్టాన గడవదు. జర్మనీలో ఉన్న రోజుల్లో నాకు తోడుగా నిలిచినవి కాగితాలు. అక్కడి ఎస్లింగెన్ పట్టణంలో 1831లో వెలసిన ష్రైబర్ ప్రచురణ సంస్థవారు కోటలనూ, ఓడలనూ ముక్కలు ముక్కలుగా దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చువేశారు. కత్తిరించి, మడిచి, అంటిస్తే కోట లేచి నిలబడుతుంది! కొలత 1:300 అని ఉంటే, 30 మీటర్ల బురుజు మన బల్లమీద 10 సెంటీమీటర్లే అన్నమాట.

మడిచేముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత వెంబడి నొక్కి గీయాలి సుమా! లేకుంటే అంచు వంకరపోతుంది.

ఒక ఆదివారం బురుజు సగంలో ఉండగా జిగురు అయిపోయింది. అక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఏం చేశానో చెప్పుకోండి! గాలిపటానికి మీరేం పూస్తారు? అవును, అన్నం మెతుకులే! బురుజు నిలిచింది గాని, కప్పు ముడతలు పడింది. తడి తగిలితే కాగితంలోని నారలు ఉబ్బుతాయి. ఆరేటప్పుడు అన్నీ సమంగా ముడుచుకోవు. జిగురు పలచగా రాయమనేది అందుకే.

తిరిగి వచ్చేటప్పుడు కోట పెట్టెలో పట్టలేదు. పక్కింటి పాపకు ఇచ్చేశాను. "కప్పు ఇలా ఉందేం?" అని అడిగింది. "వాన కురిసిందమ్మా!" అన్నాను.

కత్తిరించని కోట ఒకటి పుస్తకంలో దాచి తెచ్చుకున్నాను. వచ్చే ఆదివారమే మొదలుపెడతాను. జిగురు ఇప్పుడే కొని ఉంచాను లెండి!